కంచు గిన్నె మీద ఇంగ్లీషు మాట

అనగా అనగా, గోదారి కాలవ పక్కన ఒక ఊరుండేది తల్లీ. కళ్ళు మూసుకునే విను. ఆ ఊళ్ళో సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుని, మాణిక్యం అనే ఆవిడ గిన్నెల మీద పేర్లు కొట్టేది. చిన్న ఉలి, చిన్న సుత్తి. టిక్కు టిక్కుమని చుక్క పక్కన చుక్క. చుక్కలన్నీ కలిస్తే పేరు.

మాణిక్యం అయిదో తరగతి దాకానే చదివింది. మనిషి మహా సిగ్గరి. ఎవరైనా పలకరిస్తే తల గిన్నెలోకి వంచేసుకునేది. ఇంగ్లీషు రాదు. కానీ ఒక్క ఇంగ్లీషు మాట మాత్రం కళ్ళు మూసుకుని కొట్టేసేది. విత్ బెస్ట్ విషెస్ ఫ్రమ్. కొట్టు షావుకారు అట్టముక్క మీద రాసిస్తే, ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంది. పెళ్ళికిచ్చే బిందె అయినా, గృహప్రవేశానికిచ్చే పళ్ళెమైనా, పైన ఆ మాట, దాని కింద ఇచ్చినవాళ్ళ పేరు.

ఒకరోజు పొద్దున్నే ఒకాయన ఇంత పెద్ద డేగిసా మోసుకొచ్చాడు. "మా వియ్యాలవారికి. వాళ్ళు మాకు బుల్లి టిఫిను డబ్బా ఇచ్చారు. ఇప్పుడు చూడనీ! ఆ ఇంగ్లీషు మాట పెద్దగా కొట్టమ్మా" అన్నాడు. మాణిక్యం కొట్టింది.

ఆ తర్వాత ఒక పంతులమ్మ పళ్ళెం తెచ్చింది. "మా బళ్ళో ఆవిడకి బదిలీ అయింది. నాకూ ఆవిడకీ పడదనుకో. అయినా ఇవ్వాలిగా" అంది. మాణిక్యం అదే మాట కొట్టింది.

ఆ తర్వాత ఒక ముసలమ్మ అరచేతిలో పట్టేంత గ్లాసు తెచ్చింది. ముద్దుల మునిమనవరాలు పాలు తాగడానికట. "ఆ వంకర గీతలు నాక్కూడా వెయ్యమ్మా. ఇంతకీ ఏంటి వాటి అర్థం?" అని అడిగింది.

"మంచి జరగాలని అంటారు పిన్నీ. నాకూ సరిగ్గా తెలీదు" అంది మాణిక్యం, తల ఎత్తకుండా. "పేరొక్కటే ఉంటే గిన్నె ఆ పేరుగలవాళ్ళది. పైన ఈ మాట ఉంటే, వాళ్ళు ఇచ్చేసినట్టు."

"అయితే లోతుగా కొట్టు. మా కోడలు ఇవ్వకుండా అటకెక్కించేస్తుంది" అంది ముసలమ్మ.

అప్పుడు మధ్యాహ్నమైంది. ఎండ గిన్నెల మీద పడి, పైన టార్పాలిను మీద వెలుగు ముక్కలు చేపపిల్లల్లా ఈదుతున్నాయి. వాటిని చూస్తూ చూస్తూ మాణిక్యం కునికింది. కలలో ఒక పెద్ద కాలవ. ఆమె పేర్లు కొట్టిన గిన్నెలన్నీ అందులో తేలుతూ పోతున్నాయి. డేగిసా పోతోంది, పళ్ళెం పోతోంది, బుల్లి గ్లాసు ఎగురుకుంటూ పోతోంది. ఎవరింటి రేవు దగ్గర వాళ్ళది ఆగుతోంది. ఒక్క కంచు గిన్నె మాత్రం ఎటూ పోవట్లేదు. ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

మాణిక్యానికి మెలకువొచ్చింది. ఆ గిన్నె తన ఇంట్లోదే.

అదేం గిన్నో చెప్పనా? వాళ్ళమ్మది. మాణిక్యానికి ఒక అక్క, సూరమ్మ. చిన్నప్పుడు అమ్మ ఆ ఒక్క గిన్నెలోనే పెరుగన్నం కలిపి, అక్కకో ముద్ద, చెల్లికో ముద్ద పెట్టేది. అమ్మ పోయాక గిన్నె ఆర్నెల్లు అక్కింట్లో, ఆర్నెల్లు చెల్లింట్లో ఉండేది. అప్పుడే మాణిక్యం ఈ పని నేర్చుకుంది. కొత్త ముచ్చటలో ఇంట్లో గరిటె నుంచి గంగాళం దాకా అన్నిటి మీదా తన పేరు కొట్టేసింది. అమ్మ గిన్నె మీద కూడా!

చెల్లింటికి భోజనానికొచ్చిన సూరమ్మ అది చూసింది. "ఇద్దరి గిన్నెని నీ ఒక్కదానిదిగా చేసుకున్నావుటే?" అంది. విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. కొట్టిన పేరు చెరగదు కదా. గిన్నె చెల్లింట్లోనే ఉండిపోయింది. అలా ఏడేళ్ళు మాటల్లేవు. అక్క ఇల్లు కాలవ అవతలే తల్లీ, పిలిస్తే వినబడేంత దూరం.

ఆ సాయంత్రం మాణిక్యం కంచు గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. తన పేరుకి పైన కాస్త చోటుంది. కానీ కంచు పెళుసు. దెబ్బ గట్టిగా పడితే అమ్మ గిన్నె రెండు ముక్కలే. అందుకని ఊపిరి బిగబట్టి, పాపాయిని జోకొట్టినట్టు కొట్టింది. టిక్కు. టిక్కు. టిక్కు. విత్ బెస్ట్ విషెస్ ఫ్రమ్. కింద ఏడేళ్ళనాడు కొట్టిన పేరు, మాణిక్యం.

గిన్నె పగల్లేదు.

మర్నాడు అందులో గుప్పెడు అటుకులు, బెల్లం ముక్క వేసి బయల్దేరింది. రేవు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. రెండోరోజు పడవెక్కి కాలవ దాటి, అక్క వీధి మొగ దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. మూడోరోజు అక్క అరుగు మీద గిన్నె పెట్టేసి, వెనక్కి చూడకుండా పరుగు.

ఆ తర్వాత ఒకరోజు ఎదురుచూసింది. రెండురోజులు ఎదురుచూసింది. మూడోరోజు మధ్యాహ్నం, గిన్నెలోకి తల వంచుకుని పని చేసుకుంటుంటే ఎవరో ఎదురుగా చతికిలబడ్డారు.

"ఏమమ్మా, పేర్లు కొట్టేది నువ్వేనా?"

మాణిక్యం చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆ గొంతు అక్కది.

"నాకు ఈ గీతలు చదవడం రాదు" అంది సూరమ్మ, ఒళ్ళోని కంచు గిన్నె చూపిస్తూ. "కానీ నా కూతురి పెళ్ళిలో వచ్చిన సామాను మీద అంతా ఇవే. ఇవుంటే ఇచ్చేసినట్టేగా?"

"ఇచ్చేశానక్కా."

"అంటే ఇక నాదేగా?"

"నీదే." మాణిక్యం తల వంచుకునే గిన్నె మీది తన పేరు మీద వేలు పెట్టింది. "పేరు... పేరు మాత్రం చెరగదక్కా."

"ఎందుకు చెరగడం? ఎవరిచ్చారో తెలియొద్దుటే పిచ్చిమొహమా!"

సూరమ్మ గిన్నె మీది ఆకు తీసింది. లోపల పెరుగన్నం, పక్కన నంజుకోడానికి మాగాయ ముక్క. నిమ్మకాయంత ముద్ద చేసింది.

"నా గిన్నె, నా ఇష్టం. ముందు నువ్వు నోరు తెరు" అంది.

ఏడేళ్ళ తర్వాత మాణిక్యం తల ఎత్తి అక్క మొహం చూసింది. నోరు తెరిచింది. పైన టార్పాలిను మీద వెలుగు చేపపిల్లలు గెంతులే గెంతులు.

ఒక ముద్ద చెల్లికి,
ఒక ముద్ద తల్లి లాంటి అక్కకి,
కథేమో కంచికి,
కంచు గిన్నె అక్కింటికి,
కునుకేమో నీ కంటికి.