గంభీరయ్య చెప్పిన బొమ్మ అర్థం

అనగనగా ఒక అడవిలో, మడుగు మధ్య రాయి మీద ఒంటికాలితో నిలబడే కొంగ ఒకటి ఉండేది. పేరు గంభీరయ్య. రోజంతా కళ్లు మూసుకుని నిలబడితే, ఏదో గొప్పగా ఆలోచిస్తున్నాడని జంతువులన్నీ అనుకునేవి. ఆయన ఆలోచించేది చేపల గురించేనర్రా! అయినా పండితుడు కదా అని, చేపలు బాగా దొరికే ఆ రాయిని ఆయనకే వదిలేశాయి.

ఒకరోజు ఎలుగుబంటి బండన్నకి పొద మీద పెద్ద టేకాకు దొరికింది. దాని మీద రంగురంగుల బొమ్మ. చెట్లు నీలంగా ఉన్నాయి. చందమామకి కాళ్లున్నాయి. పైన చేపలు ఎగురుతున్నాయి.

"పండితులుగారూ, ఇదేదో మాయల అడవిలా ఉంది. దీని అర్థమేంటండీ?" అని అడిగాడు బండన్న. వెనకాల అడవంతా చేరింది.

గంభీరయ్యకి తలా తోకా అర్థం కాలేదు. తెలీదంటే పరువు పోతుంది, రాయీ పోతుంది. అందుకని గొంతు సవరించుకున్నాడు.

"చెట్లు చలికి నీలంగా మారిపోయాయి" అన్నాడు. కుందేళ్లు పరిగెత్తుకెళ్లి చెట్లని కావలించుకున్నాయి.

"చందమామ అలిగి కిందికి దిగొచ్చాడు" అన్నాడు. నక్కలు మిట్టమధ్యాహ్నం బుజ్జగింపు పాటలు ఎత్తుకున్నాయి. అందరి చెవులూ చిల్లులు పడ్డాయి.

గంభీరయ్యకి హుషారొచ్చేసింది. "ఇక ఈ చేపలున్నాయే, ఇవి దేవతలు!" అనేశాడు.

"అయ్యబాబోయ్! అయితే ఇకమీదట చేపల్ని ఎవరూ తినకూడదన్నమాట!" అని బండన్న లెంపలేసుకున్నాడు. అప్పటికప్పుడే కర్ర పట్టుకుని మడుగుకి కాపలా కూర్చున్నాడు.

గంభీరయ్య తను చెప్పిన అర్థాన్ని తనే ఎలా కాదంటాడు?

మొదటిరోజు గడ్డి నమిలాడు. రెండోరోజు తామరకాడ మింగబోతే పొలమారింది. మూడోరోజు చేపలు తన కాళ్ల మధ్యే ఆడుకుంటుంటే, పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అప్పుడు ఉడుత మంగతాయి తోకనిండా రంగులతో వచ్చింది. "నా ఆకు ఎవరైనా చూశారా? మా పిల్లలకని బొమ్మ గీసి, పొద మీద ఆరబెట్టాను" అంది.

గంభీరయ్య ఒక్క గంతులో ఒడ్డుకొచ్చి పడ్డాడు. "తల్లీ! దాని అర్థం నాకు తెలీదు. తెలిసినట్టు కోతలు కోశాను. ఆ చేపలేంటో నువ్వే చెప్పు!" అని బతిమాలాడు.

"చేపలా? అవి చిలకలండీ! నాకు ముక్కులు గీయడం రాదు. చందమామేంటి, అది మా అత్తగారు. కాస్త గుండ్రంగా ఉంటారు. చెట్లంటారా, ఆకుపచ్చ రంగు అయిపోతే శంఖుపూల రసం పూసేశాను."

అడవంతా పడీ పడీ నవ్వింది. కుందేళ్లు చెట్లని వదిలేశాయి. బండన్న కర్ర పారేసి, "ఆ ముక్క ముందే అనొచ్చుగా స్వామీ! మూడురోజులుగా నాకూ తిండీ నిద్రా లేవు" అని విసుక్కున్నాడు. రాయిని మాత్రం ఎవరూ లాక్కోలేదు.

వారం తిరక్కుండానే మంగతాయి ఇంకో ఆకు తెచ్చింది. "ఇదేంటో చెప్పుకోండి చూద్దాం!" అంది.

గంభీరయ్య కళ్లకి అది కాళ్లొచ్చిన చీపురులా కనిపించింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేసి, "తెలీదమ్మా, నువ్వే చెప్పు" అన్నాడు.

"మీరేనండీ!" అంది ఉడుత మురిసిపోతూ.

గంభీరయ్య వెళ్లి రాయి మీద నిలబడి, కడుపారా చేపలు తిన్నాడు.

నీతి: తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలిసినవాళ్లని అడగాలి. లేకపోతే గడ్డి నమలాల్సి వస్తుంది.