ముందు అడగాల్సిన ప్రశ్న

ఒక యూనివర్సిటీ హాస్టల్లో హైమావతి అనే అమ్మాయి ఉండేది; మనసు మంచిదే కానీ, ఏది ముందు అడగాలో ఏది తర్వాత అడగాలో ఆమెకు ఎప్పుడూ తెలిసేది కాదు.

తప్పు పూర్తిగా ఆమెది కూడా కాదు. ఆమె న్యాయశాస్త్రం, నేరశాస్త్రం రెండూ కలిపి చదివేది. పొద్దున లా మాస్టారు, "వాడు చేశాడా? సాక్ష్యం ఏది?" అని గద్దించేవారు. మధ్యాహ్నం క్రిమినాలజీ మేడం, "ఎందుకు చేశాడు? వాడి ఇంట్లో పరిస్థితి ఏమిటి?" అని మెల్లగా అడిగేవారు. సాయంత్రానికి హైమావతి బుర్రలో రెండూ కలిసి సాంబారయ్యేవి. ఒక పేపరు జవాబు ఇంకో పేపరులో రాసి వచ్చిన ఘనురాలు ఆమె.

ఒకరోజు ఆమె స్నేహితురాలు నిర్మల నల్లకోటు కనబడలేదు. మర్నాడే నిర్మల కాలేజీలో పెట్టే ఉత్తుత్తి కోర్టులో వాదించాలి. ఆ పొద్దున ఇస్త్రీ బండి దగ్గర్నుంచి అందరి బట్టల మూట తెచ్చింది అదే హాస్టల్లో ఉండి చదువుకునే పేదపిల్ల సలోమి. పైగా ఆమెకు సొంత కోటు లేదు. ఇంకేముంది, అందరి చూపూ ఆమె మీదే పడింది. దొంగతనం నిజమైతే సలోమి హాస్టల్ ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే ఆమె చదువు అక్కడితో సరి. వార్డెన్ గారికి ఏమీ తోచక, రెండూ చదువుతున్న పిల్ల కదా అని హైమావతినే విచారించమన్నారు.

క్లాసు నుంచి కోటుతోనే వచ్చిన హైమావతి, సలోమి చెయ్యి పట్టుకుంది.

"చిన్నప్పుడు నిన్నెవరైనా కొట్టేవారా? మీ నాన్న తాగుతారా? ఎందుకు తీశావో చెప్పమ్మా, నేను అర్థం చేసుకుంటాను."

సలోమి అయోమయంగా చూసింది. చనిపోయిన నాన్న మాట ఎత్తేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపే ఒప్పుకోలు అనుకుంది మన హైమావతి. పాపం పేదరికం వల్ల చేసింది, క్షమించండి అని వార్డెన్ గారితో చెప్పింది. పెద్ద మేలు చేశాననే అనుకుంది.

"క్షమించమన్నావంటే చేసిందనేగా," అన్నారు వార్డెన్. సాయంత్రంలోగా గది ఖాళీ చేయమన్నారు.

హైమావతి సలోమి గదికి పరుగెత్తింది. తను కాపాడబోయిన పిల్ల పెట్టె సర్దుకుంటోంది. ఎక్కడ తేడా వచ్చింది? చెమటలు పట్టి, కోటు విప్పి కుర్చీ మీద వేసింది. దాని కాలరు లోపల ఎర్రదారంతో కుట్టిన 'ని' అనే అక్షరం అక్కడే ఉన్న నిర్మల కంటపడింది. పొద్దున మూటలోంచి తనదే అనుకుని హైమావతి లాక్కున్నది నిర్మల కోటు. హైమావతి సొంత కోటు ఇంకా ఇస్త్రీ బండి దగ్గరే ఉంది.

సలోమి పెట్టె సర్దడం ఆపింది.

"నువ్వెందుకు తీశావక్కా? చిన్నప్పుడు నిన్నెవరైనా కొట్టేవారా?"

"నేను తియ్యలేదే. ఏదో పొరపాటున..."

"నేనూ తియ్యలేదక్కా. తీశావా అని నన్ను నువ్వు అడగనే లేదు."

హైమావతికి సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వార్డెన్ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పి, తిరిగి వచ్చి, సలోమి బట్టలు తనే పెట్టెలోంచి తీసి అలమరాలో సర్దింది.

నీతి: చేశారో లేదో తేలకముందే ఎందుకు చేశారని అడగకూడదు, అలా చూపించే జాలి కూడా నింద వేయడమే.