పొడిముగ్గు వేయని తడికుండపాడు

పడమటి గుట్ట దిగువన, ఎఱ్ఱనేలకును తెల్లరాతికిని నడుమ, తడికుండపాడు అను చిన్న గ్రామము కలదు. ఇచ్చటి గుడిలో శిలావిగ్రహము లేదు. తడిగుడ్డ చుట్టిన మట్టికుండయే అమ్మవారు. యాత్రికులు గమనింపదగిన వింత మఱియొకటి కలదు. ఈ యూర ఏ గడప ముందును పొడిముగ్గు కానరాదు. నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండిలో వ్రేలు ముంచి తడిముగ్గే వేయుదురు. కారణము తెలియగోరువారు గుడి అరుగుపై కొంతసేపు కూర్చుండి ఈ కథ వినవలయును.

పూర్వము ఇచ్చట పలుగుపాడు అను ఊరుండెను. గుట్టలోని ముగ్గురాతిని పగులగొట్టి, దంచి, జల్లించి, చుట్టుపట్ల గ్రామములకు ముగ్గుపిండి పంపుట ఇచ్చటివారి జీవనము. ఆ యూరికి కుండలు చేసి యిచ్చు గురవమ్మ అను కుమ్మరి ఇల్లాలు, నల్లరేగడి సీమనుండి పుల్లక్క అను పిల్లను కోడలుగా తెచ్చుకొనెను. ఆ యేడు వానలు లేవు. పుల్లక్క కాపురమునకు వచ్చిన వేసవిలోనే, ఏ దిక్కునుండి వచ్చునో తెలియని సుడిగాలులు లేచి ఊరినిండ దుమ్ము క్రమ్మెను. కన్నులు మండెను. పసిపిల్లలు దగ్గి దగ్గి సొమ్మసిల్లిరి. గ్రామపెద్ద సిద్ధప్ప మనుమరాలు పాలు త్రాగుట సైతము మానెను.

దుమ్మును కీడుగా ఎంచి, దినమున కొకసారి ముగ్గు వేయు స్త్రీలు మూడుసార్లు వేయసాగిరి. అందుకై పురుషులు మూడింతలు రాయి దంచిరి. కీడు తగ్గుటకు మాఱుగా హెచ్చెను. అప్పుడు సిద్ధప్ప గురవమ్మను పిలిపించెను.

"గురవక్కా, ఏమనుకోవద్దు. నీ కోడలు ఆ రేగడి దేశం దుమ్ముని కాళ్ళకు చుట్టుకొని వచ్చింది. పౌర్ణమి లోపల పుట్టింటికి పంపించెయ్."

"పంపిస్తాలే సిద్ధప్పా. నా కుండలు గూడా దాంతోపాటే పోతాయి. మీరంతా దోసిళ్ళతో తాగుదురు గాని."

గురవమ్మ బింకముగా ఆ మాట అని ఇల్లు చేరెను. పుల్లక్క అప్పటికే తన రెండు చీరలను మూట గట్టుకొని కూర్చుండియుండెను.

"నేను పోతే పిల్లోళ్ళు బాగైతారేమో అత్తా."

"నువ్వు పోతే నా వీపు ఎవరు తోముతారే? మూట విప్పు."

ఆ మధ్యాహ్నము గురవమ్మ కుండలు చేయు సారె ప్రక్కనే కునుకు తీయుచుండగా, ముఖమునిండ దుమ్ము పడిన ముత్తైదువ కలలో కనబడెను. "నన్ను తడిపి ఆరుబయట నిలుపుము. నాపై వ్రాలినదానిని నీ చేతులే గుర్తుపట్టును" అని పలికి మాయమయ్యెను.

కుమ్మరి యింట తల్లి రూపము కుండయే యని ఎంచి, గురవమ్మ క్రొత్తకుండకు తడిగుడ్డ చుట్టి వాకిట నిలిపి, మూడు దినములు ఆఱనీయక తడిపెను. నాలుగవనాడు పెద్దలందఱి యెదుట ఆ గుడ్డను పళ్ళెములోని నీటిలో జాడించి, అడుగున పేరినదానిని అరచేత నలిపి చూచెను. బీడుభూముల ఎఱ్ఱమన్ను కొంత కలదు. వాగు ఇసుకలోని కాకిబంగారపు రేకులు కొన్ని తళుక్కుమనెను. మిగిలినదంతయు తెల్లని పదునైన నలుసులు. పిమ్మట పుల్లక్క పుట్టింటినుండి కొంగున ముడివేసి తెచ్చుకొనిన పిడికెడు రేగడిని తడిపి నలుపగా, అది జిగటగా దారమువలె సాగెను. తెల్లని నలుసులు మాత్రము ఎంత నలిపినను ముద్ద కట్టలేదు.

"నా మాట నమ్మొద్దులే సిద్ధప్పా. పంటి కింద ఏసుకొని చూడు."

సిద్ధప్ప చిటికెడు నోట వేసుకొనెను. కరకరలాడెను. ఆయన ఆ నలుసులను అరచేత ఉమిసి చూచుకొనెను.

"నలభై ఏండ్లుగా నా నోట్లో పడేదే ఇది" అని మెల్లగా పలికెను. "మన రోటి పిండే."

అంతట పుల్లక్క వైపు తిరిగి, "తప్పు మాది తల్లీ. మూట విప్పినావా?" అని అడిగెను.

"మా అత్త ఆపొద్దే విప్పించింది మామా."

ఆనాటినుండి ఊరివారు రోళ్ళను గుట్టకు ఆవలి వైపునకు తరలించి, నీరు చల్లియే రాయి దంచసాగిరి. పొడిముగ్గు మానిరి. వానలు పడునప్పటికి పిల్లల దగ్గు శాంతించెను. వాకిట నిలిపిన కుండయే తడికుండమ్మగా పూజలందెను. ఊరికి ఆ పేరే నిలిచెను.

నేటికిని వైశాఖమాసమున అమ్మవారి గుడ్డను అందఱి యెదుట జాడింతురు. కుమ్మరి యింటి పెద్ద ముత్తైదువ ఆ మన్నును నలిపి, ఏది బీడుదో, ఏది వాగుదో, ఏది క్రొత్తగా వేసిన లారీల బాటదో చెప్పును. తెల్లని నలుసులు ఎక్కువైనచో, ఆ దినమే రోళ్ళు ఆపి లోపము వెదకి సరిచేయుదురు.

కాపురమునకు వచ్చిన ప్రతి కోడలును పుట్టింటి మన్ను పిడికెడు కొంగున ముడివేసి తెచ్చును. అత్త ఆ మన్నును తడిపి కుండ భుజమునకు పూయవలయును. అందుచే అమ్మవారి మేన నేడు ఎన్ని యూళ్ళ మన్ను కలదో లెక్కింప నెవరి తరమును కాదు. ఈ పూజకు మంత్రము లేదు. కోడలు గుడిమెట్టుపై నిలువగా అత్త "మూట విప్పు" అనవలయును. ఆ మాట ప్రేమతో పలికిన యింట ఊపిరి చల్లగా సాగునట్లు తల్లి చూచుకొనును.