ఓబులేసు మింగిన చరణం

ఓబులేసుకు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం నాగవేణి. ఆమె అతన్ని పల్లెత్తు మాట అన్నది లేదు, అతని జోలికి వచ్చిందీ లేదు. స్టూడియోకి పోయి ఒక పాట చక్కగా పాడి వచ్చింది. అంతే. కడుపు మండడానికి అంతకంటే ఏం కావాలి?

పెన్న ఒడ్డున బసన్న తాత మఠంలో తత్వాలు పాడేవాళ్లు పదిహేనుమంది దాకా ఉంటారు. వాళ్లు పాడేవన్నీ ఈరప్ప, ఫకీరప్ప అనే జంట కట్టిన పాటలే. ఈరప్ప గంపలు అల్లే మేదరి. మాట అతనిది. ఫకీరప్ప దూదేకులాయన. వరస అతనిది. ఇద్దరూ పోయి చాలా ఏళ్లయినా ఆ చుట్టుపక్కల ఊళ్లలో వాళ్ల పాట లేకుండా భజన ముగియదు. ఆ జంట మీద గౌరవంతో వాళ్ల పాటలు పన్నెండు ఏరి, పన్నెండు గొంతులతో కొత్తగా పాడించి ఆల్బమ్ తెస్తామని అనంతపురం నుంచి స్టూడియో యజమాని రాజశేఖర్ వచ్చాడు.

మొదటి పాట ఆ జంటకు పేరు తెచ్చిన ‘గంపతో నీళ్లు మోస్తిరా’ అని వేరే చెప్పనక్కర్లేదు. అది పాడేదెవరో కూడా చెప్పనక్కర్లేదని ఓబులేసు నమ్మకం. పద్నాలుగేళ్లుగా తాతకు శిష్యుడు. తాతకు పాడే గొంతు పడిపోయినప్పటి నుంచి కొత్తవాళ్లకు పాటలు నేర్పేది అతనే. రికార్డింగు కోసం కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు. పాటలో చొక్కా ఎవరికీ కనపడదన్న సంగతి పాపం తట్టలేదు.

తాత మాత్రం, "అది నాగవేణి పాడతాదిలేప్పా. నువ్వు తొమ్మిదోది పాడు. ఆయమ్మికి మొదటి పాట పూర్తిగా రాదు, నువ్వే నేర్పియ్యి," అన్నాడు.

నాగవేణి మఠానికి వచ్చి రెండేళ్లు కాలేదు. బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. రొట్టెలు తట్టే మనిషికి మొదటి పాటా! ఓబులేసుకు ఒళ్లంతా కారం పూసినట్టయింది. అయినా తాత మాట కాదనలేడు. పల్లవి నేర్పాడు. మూడు చరణాలు నేర్పాడు. నాలుగోది మింగేశాడు.

ఆ జంట ప్రతి పాటకూ ఆఖరున తమ ఇద్దరి పేర్లూ పెట్టి ఒక చరణం కట్టింది. దాన్ని పేరు చరణం అంటారు. ఈ పాటకున్న పేరు చరణం బయట ఎవరికీ రాదు. ఫకీరప్ప నోటి నుంచి తాతకు వచ్చింది, తాత నుంచి ఓబులేసుకు వచ్చింది.

"దీనికి పేరు చరణం లేదా అన్నా?" అని నాగవేణి అడిగింది.

"అదెప్పుడో పోయిందిమ్మా. ఎవురికీ తెలీదు," అన్నాడు ఓబులేసు, ఆమె ముఖం చూడకుండా.

పాట రికార్డయిన మూడో రోజు పొద్దున్నే తాత దగ్గరికి పోయాడు. తాత అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు.

"తాతా, నాగవేణి ఆ పాట సగం సగం పాడొచ్చిందంట. నేను నేర్పింది ఆమె తలకెక్కలా. మొదటి పాటే కొరతగా వస్తే ఆ పెద్దోళ్లిద్దరికీ అవమానం కదా? ఇంకా టైముంది. చెప్తే నేను పోయి పాడొస్తా."

తాత కాయల చేట అతని ముందుకు జరిపి, "వలువు," అన్నాడు. రాజశేఖర్ పంపిన పాటను ఫోనులో పెట్టి చేట పక్కన ఉంచాడు.

నాగవేణి గొంతు వచ్చింది. ఓబులేసు పళ్లు బిగబట్టి కాయలు వలిచాడు. బాగా పాడిందని తెలుస్తూనే ఉంది, అదే భరించలేకుండా ఉన్నాడు. రెండో చరణంలో తప్పు కోసం చెవులు రిక్కించాడు. దొరకలేదు. మూడోది అయిపోయింది. ఇక ఆగిపోతుందిలే అనుకున్నాడు.

పాట ఆగలేదు.

"ఓబులేసన్న ఇచ్చినంత పాడినానయ్యా, కొరత ఉంటే నాది అనుకోండయ్యా..."

కాయ అతని వేళ్ల మధ్యే ఉండిపోయింది. పేరు చరణం దొరకని పాటకు, ఆ పాట నేర్పినవాడి పేరు చెప్పి ముగించడం ఆ మఠంలో పాత పద్ధతి. అందరూ మరిచిపోయారు. రొట్టెలు తట్టే మనిషి మరిచిపోలేదు.

"నీ పేరు బాగా పలికింది," అన్నాడు తాత. "ఎల్లుండి ఆల్బమ్ వస్తాది, అందరూ వింటారు. అట్లనే ఉండనీప్పా."

ఓబులేసుకు సిగ్గేసింది. ఏ పాట కోసం ఏడ్చాడో ఆ పాటలో తన పేరే ఉంది, ఈరప్ప ఫకీరప్పల పేర్లుండాల్సిన చోట.

"తాతా, ఆ చరణం మీకు తెలుసు. మీరన్నా చెప్పిండొచ్చు కదా?"

"నాకు గొంతు లేదు. నీకుండాది," అని తాత చేట దగ్గరికి లాక్కున్నాడు.

బస్టాండు దగ్గర నాగవేణి రొట్టె తడుతోంది. ఓబులేసు పొయ్యికి ఇవతల నిలబడి, కుశల ప్రశ్నలేవీ లేకుండా పేరు చరణం ఎత్తుకున్నాడు.

"ఈరప్ప అల్లిన గంపలోన, ఫకీరప్ప ఏకిన దూది పరిస్తి. చుక్క పోలేదురా సోదరా, గడప దాటి ఇంట పోస్తి..."

నాగవేణి చెయ్యి ఆగింది. పెనం మీద రొట్టె మాడుతున్నా తియ్యలేదు.

"ఇది యాడ దొరికెన్నా?"

"యాడా దొరకలా. నా దగ్గరే ఉన్న్యాది."

ఆమె పెనం మీది రొట్టె తీసి పక్కన పడేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మరి ఇది పాడితే నీ పేరు తీసెయ్యాల కదన్నా?"

"తీసెయ్యమ్మా. ఆ కొరత నీది కాదు," అన్నాడు ఓబులేసు. "మధ్యాహ్నం బస్సుకు అనంతపురం పోదాం. ఇప్పుడు చరణం ఎత్తుకో, నేను వెనక అందుకుంటా."