పుల్లంరాజు బిందె, వెన్నెల గుర్రం

మల్లవరంలో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే, పుల్లంరాజు తన బట్టతల మీద టకటకా కొట్టి చూపించేవాడు. "ఇందులో పట్టనిది మా తమ్ముడి తలలో పెట్టాం," అనేవాడు. తమ్ముడు నరసరాజు సిగ్గుపడేవాడు. "మా ఇంటి తెలివి గడప దాటి బయటికి పోదండీ," అని భార్య సీతాయమ్మ మురిసిపోయేది. నిజమే, పోవడానికి లోపలంటూ ఉంటే కదా!

ఆ ఇంటిల్లిపాదికీ జంతువుల కార్డులాట పిచ్చి. పుల్లంరాజు దగ్గర వెన్నెల గుర్రమని ఓ కార్డుంది. వెండి జూలు, పాలనురుగు లాంటి ఒళ్ళు, కళ్ళల్లో చెరో నక్షత్రం. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటే, ఏటి ఒడ్డున దాని మీద స్వారీ చేస్తున్నట్టు కలలొచ్చేవి. అంత ప్రాణప్రదమైన గుర్రాన్ని పందెం ఒడ్డి, ఆదివారం కామేశం పుస్తకాల కొట్లో జరిగే పోటీకి పేరిచ్చాడు మహానుభావుడు. ఓడితే గుర్రం గెలిచినవాళ్ళది.

కామేశం నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. "రాజుగారూ, కట్టలో అరవై కార్డులకి తగ్గకూడదు. జంతువు బరిలోకి రావాలంటే ముందు నీళ్ళు కావాలి. చిన్నదానికి ఒక నీటి కార్డు, పెద్దదానికి ఏడు. నీళ్ళు మాత్రం మరిచిపోకండి. ముందు ఇంట్లో ఓసారి ఆడి చూసుకోండి."

"మాకా చెప్పేది!" అన్నాడు పుల్లంరాజు.

ఇంకేముంది, ఇంట్లో ఉన్న నాలుగొందల కార్డులూ ఒకే కట్టలో వేశారు. "తగ్గకూడదన్నాడు కదన్నయ్యా, తగ్గితే పరువు పోదూ!" అన్నాడు నరసరాజు. కట్ట చేతుల్లో ఇమిడితేగా కలపడానికి! సీతాయమ్మ చాట తెచ్చి బియ్యం చెరిగినట్టు చెరిగింది. సగం కార్డులు పెరట్లోకి ఎగిరిపోయాయి.

"తాలు పోయిందండీ, గట్టివి మిగిలాయి," అంది. అంతే, ఎగిరినవాటి వంక మళ్ళీ ఎవరూ చూడలేదు.

తరవాత అన్నదమ్ములిద్దరూ చెరి సగం పంచుకుని ఆడి చూశారు. నరసరాజు ఓడాడు. "ఓడిన కార్డులు మనకెందుకు?" అని తమ్ముడి సగాన్ని పొయ్యిలో పెట్టించాడు పుల్లంరాజు. వాటి మీద కాఫీ కాచుకుని తాగారు.

మిగిలినవాటిలో చీమలు, కప్పలు కనబడ్డాయి. "యుద్ధానికి ఈ పిల్లకాకులా?" అని ఏరి పారేశారు. ఏనుగులు, తిమింగలాలు ఉంచారు. ఇక నీటి కార్డులు. వాటి మీద ఉత్త నీలం చుక్క బొమ్మ.

"ఇంట్లో నుయ్యి ఉండగా కాగితం నీళ్ళు మోసుకెళ్ళడమేంటండీ, నలుగురూ నవ్వరూ! బిందెడు తోడి ఇస్తాను," అంది సీతాయమ్మ.

భార్య తెలివికి పుల్లంరాజు కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అరవై ఏనుగులూ తిమింగలాలూ తేలాయి.

ఆదివారం బిందెతో సహా ముగ్గురూ కొట్లో దిగారు. ఎదుటి కుర్చీలో పదేళ్ళ ఝాన్సీ కూచుంది. ఆ పిల్ల ఒక నీటి కార్డు దించింది, ఒక చీమను దించింది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ చీమ. పుల్లంరాజు చేతిలో ఏడు ఏనుగులు. ఒక్కటీ కదల్లేదు.

"ఏదో ఒకటి దించండి తాతగారూ."

"ఉండమ్మా, మా ఏనుగు ముస్తాబవుతోంది."

ఈలోగా చీమలు కుట్టి కుట్టి చావుదాకా తెచ్చాయి. బల్ల మీదున్న వెన్నెల గుర్రం తనవంకే దిగులుగా చూస్తున్నట్టనిపించి పుల్లంరాజు గుండె నీరైంది.

"నీళ్ళేవండీ రాజుగారూ?" అన్నాడు కామేశం.

"మరిచిపోతామా! తమ్ముడూ, వంచు!"

నరసరాజు బిందెడు నీళ్ళూ బల్ల మీద గుమ్మరించాడు. ఏనుగు లేస్తుందని ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. ఏనుగు కరిగి తిమింగలంలో కలిసింది. కొట్లో నోటుపుస్తకాలు తేలాయి. కామేశం కుర్చీలో కూలబడ్డాడు.

ఝాన్సీ తను గెలుచుకున్న గుర్రాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. జూలు కారుతోంది. "ఛీ, ఈ ముద్ద నాకొద్దు, మీరే ఉంచుకోండి," అని పుల్లంరాజు చేతిలో పెట్టి పోయింది.

"గుర్రం మనదేరా! గెలిచాం!" అని పుల్లంరాజు గంతులేశాడు. "చూడు, నీళ్ళు తాగి ఎంత ఒళ్ళు చేసిందో!"

ఇంటికెళ్ళగానే దాన్ని అరుగు మీద పెట్టి, ముందర గుప్పెడు ఉలవలు పోశారు. పుల్లంరాజు పంచె ఎగ్గట్టి, కలలో ఎక్కినంత ఠీవిగా ఎక్కి కూచున్నాడు. పచక్మంది.

"కదలదేంరా?"

"కడుపు నిండా తాగింది కదన్నయ్యా. కాస్త అరగనీ."