పద్దెనిమిది మిల్లీమీటర్ల చెక్క

పెంచలయ్యకు ఉస్తాద్ మీద అనుమానం వచ్చింది. ఉస్తాద్ ఆ ఉదయం అతనికి ఇష్టమొచ్చిన చెక్క తీసుకోమన్నాడు. అనుమానానికి అదే కారణం.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో దస్తగిరి ఉస్తాద్ షెడ్డులో వీడియోగేమ్ పెట్టెలు తయారవుతాయి. ఒకప్పుడు ఆటల సెంటర్లకు వెళ్లేవి. ఇప్పుడు ఇంట్లో పెట్టుకునేవాళ్లు చేయించుకుంటున్నారు. పెట్టె పక్కలు, వీపు, తెర చుట్టూ చట్రం ఎవరు కోసినా ఉస్తాద్ పట్టించుకోడు. చేతులు ఆనించి ఆడే పలకకు, అంటే జాయ్‌స్టిక్కూ బటన్లూ బిగించే కంట్రోల్ ప్యానెల్‌కు మాత్రం చెక్క ఆయనే ఎంచుతాడు. బొటనవేలితో నొక్కి చూసి పక్కన పెడతాడు. ఎందుకదే అని అడిగితే చెప్పడు.

అలాంటి మనిషి మూడు ప్లైవుడ్ ముక్కలు గోడకు చేర్చాడు. ఒకటి ఆరు మిల్లీమీటర్లు, ఒకటి పన్నెండు, ఒకటి పద్దెనిమిది.

"కోవూరు డ్రిల్లు మాస్టారి పెట్టె నువ్వే చెయ్యి అబ్బయ్యా. ఇద్దరు ఆడేది. ప్యానెల్ మందం నీ ఇష్టం."

"మీరైతే ఏది తీసుకుంటారు ఉస్తాద్?"

"నేను చెయ్యడం లేదుగా."

ఆ మాట పెంచలయ్యకు నచ్చలేదు.

ఉస్తాద్ మోకాళ్లు అరిగిపోయాయి. షెడ్డు ఎవరికో ఒకరికి అప్పజెప్పక తప్పదని వీధిలో అందరికీ తెలుసు. పెంచలయ్య పెళ్లి కాకముందు నుంచీ అక్కడే పనిచేస్తున్నాడు. రఫీ నిరుడు వచ్చాడు, వైర్లు కలుపుతాడు. కానీ రఫీ ఉస్తాద్‌కు అల్లుడు. అతను వచ్చిన వారానికే పెంచలయ్య తన ఉలుల పెట్టెకు తాళం కొన్నాడు.

ముందురోజు టీ బంకు దగ్గర మామా అల్లుళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం పెంచలయ్య చూశాడు. అతను దగ్గరికి వెళ్లగానే మాటలు ఆగాయి. ఈరోజు మూడు చెక్కలు వచ్చాయి. రెండింటికీ లంకె ఉందనుకున్నాడు.

ఆరు తీసుకుంటే అరచేయి ఆనగానే వంగుతుంది. నలుగురిలో నవ్వుతారు. పన్నెండు తీసుకుంటే, తన పాత పెట్టెలు చూసి కాపీ కొట్టానంటాడు ఉస్తాద్. పద్దెనిమిదికి వంక పెట్టలేడు. దానిమీద మనిషి నిలబడినా ఏమీ కాదు.

పద్దెనిమిది తీసుకున్నాడు. అన్నానికి వెళ్లేముందు, ఎవరైనా చెక్క మార్చేస్తే తెలిసేలా దాని అంచున పెన్సిల్‌తో గీత పెట్టాడు. వచ్చాక గీత అక్కడే ఉంది. అయినా మందం మళ్లీ కొలిచాడు.

పెట్టె పూర్తయ్యాక ఉస్తాద్ స్టూలు లాక్కుని ఆటకు కూర్చున్నాడు. బటన్లు బాగానే పలికాయి. జాయ్‌స్టిక్ దగ్గర మాత్రం ఆయన వేళ్లు జారిపోతున్నాయి. అడుగున బిగించిన జాయ్‌స్టిక్ కర్ర అంత మందం దాటుకుని పైకి రాలేకపోయింది. దాని గుండు ఒక్కటే చెక్కకు ఆనుకుని కనిపిస్తోంది.

రఫీ తొంగి చూశాడు. "ఇది జాయ్‌స్టిక్కా అన్నా, చొక్కా గుండీనా?"

"పొట్టిది తెచ్చింది నువ్వే కదా. తెలిసే తెచ్చుంటావు."

"ఎప్పుడూ తెచ్చేదే అన్నా ఇది! కావాలంటే మామని అడుగు."

"మామని అడగాలా? మీరిద్దరూ ఒకటే మాట చెప్తారు."

ఉస్తాద్ ఆట ఆపాడు.

"ఈ చెక్క ఎవరి కోసం కోశావు?"

"మాస్టారి కోసం."

"ఆయన ఆడపిల్లలు ఇద్దరూ మొన్న ఇక్కడికొచ్చారు. వాళ్ల చేతులు చూశావా?"

"లేదు."

"మరి ఎవర్ని చూసి కోశావు?"

పెంచలయ్య ప్యానెల్ విప్పేసి గోడకు ఆనించబోయాడు. ఇంతటితో ఇక్కడ తన పని అయిపోయిందనుకున్నాడు. పోయేటప్పుడు ఉలుల పెట్టె మోసుకుపోవాలా, రేపు వచ్చి తీసుకోవాలా అని కూడా ఆలోచించాడు.

"పారెయ్యకు. బోర్లించు," అన్నాడు ఉస్తాద్. "కర్ర కూర్చునే చోట వెనకనుంచి గుంట తవ్వు. కర్ర పైకొస్తుంది. చేతులు ఆనే చోట మందం అట్లాగే ఉంటుంది."

పలకను రెండు స్టూళ్ల మీద బోర్లించారు. పెంచలయ్య తాళం తీసి ఉలి పట్టుకున్నాడు. ఉస్తాద్ మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. పలక అడుగునుంచి అరచేయి చాపి, సరిగ్గా గుంట పడే చోట ఆనించాడు.

కర్ర దూరే చిల్లులోంచి ఆయన చర్మం కనిపిస్తోంది.

"చెయ్యి తియ్యండి ఉస్తాద్."

"ఎందుకు?"

"ఉలి దిగితే?"

"దిగుతుందా?"

పెంచలయ్య ఆయన మొహం చూశాడు. ఇందులో ఏం మెలిక ఉందోనని వెతికాడు. గాయమైతే నింద తనమీద వేస్తాడా? రఫీ సాక్షిగా నిలబడ్డాడా? రఫీ గోడ దగ్గర వైరు ముక్క నోట్లో పెట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

"చీకటి పడేలోగా మాస్టారు వస్తాడు. కొట్టు," అన్నాడు ఉస్తాద్.

కొట్టాడు. మొదటి పొర లేచింది. రెండోది లేచింది. లోపలి పొర ఎర్రగా బయటపడింది. చిల్లు దగ్గర ఎంత మిగిలిందో కంటికి తెలుస్తోంది. గుంట మూలల్లో తెలియడం లేదు.

"ఇంకా ఉంది," అన్నాడు ఉస్తాద్ కింద నుంచి, అరచేతికి తగిలే అదురును బట్టి. "కుడి మూల ఇంకా మందంగా ఉంది. ఆఁ. అక్కడే."

సుత్తి దెబ్బలు చిన్నవయ్యాయి. కాసేపటికి పెంచలయ్య సుత్తి పక్కన పెట్టి, ఉలిని చేత్తోనే తోశాడు. చెక్క కాగితంలా చుట్టుకుంటూ లేస్తోంది. ముక్కు మీది చెమట కూడా తుడుచుకోలేదు.

"ఇంకో పొర తియ్యొచ్చు."

"వద్దు ఉస్తాద్. చాలు."

ఉస్తాద్ చెయ్యి తీసి, పొట్టు దులుపుకున్నాడు. కర్ర కూర్చోబెట్టి చూశారు. గుండు పిడికిట్లోకి వచ్చింది.

"రెండో ఆటగాడిది మిగిలింది," అంటూ ఉస్తాద్ మళ్లీ కిందికి వంగబోయాడు.

పెంచలయ్య ఆయన భుజం పట్టి ఆపాడు. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాడు. తర్వాత ఉలి తిప్పి, పిడి రఫీ వైపు చాపాడు.

రఫీ వెంటనే అందుకోలేదు. తాళం వేసుండే ఆ పెట్టెలోని ఉలిని అతను ఇంతవరకు ముట్టుకోలేదు.

పెంచలయ్య కింద కూర్చుని, రెండో చిల్లు కింద తన అరచేయి ఆనించాడు.

"ఎంత మిగిలిందో నాకెట్టా తెలుస్తుంది అన్నా?"

"నాకు తెలుస్తుంది. కొట్టు."