చాపలమ్మకు పైకప్పు ఎందుకు లేదు

జొన్నలమిట్ట ఊరి చివర, నల్లరేగడి చేల నడుమ చాపలమ్మ తల్లి కొలువై ఉన్నది. మూరెడు రాతి విగ్రహం, చుట్టూ నడుమెత్తు గోడ, పైన ఆకాశం. "ఇంత పేరున్న అమ్మకు పైకప్పయినా వెయ్యలేదా, ఏం ఊరండీ మీది!" అని భక్తులు మమ్మల్ని చీవాట్లు పెడుతుంటారు. పెట్టేముందు ఈ కథ ఒక్కసారి వినండి.

పూర్వం ఇక్కడ బాలక్క అనే రైతు ఉండేది. భర్త పోయాక రెండెకరాల జొన్నచేనే ఆమెకు ఆధారం. ఆ ఏడు ఫాల్గుణానికి ఏం దయ్యం పట్టిందో, పొద్దున మంచు, మధ్యాహ్నం నిప్పులు, సాయంత్రం ఉరుములు. కంకులు కొట్టించి కల్లంలో రాశి పోసింది గానీ, తూర్పారబడదామంటే మూడు రోజులుగా ఆకు కదలలేదు. "పొట్టుతోనే ఇల్లు చేర్చుకో వదినా, ఈ మబ్బుల్ని నమ్మకూడదు" అని పక్కచేని కాశమ్మ మొత్తుకున్నది. తూర్పారబట్టని గింజ గడప దాటితే లక్ష్మి అలుగుతుందని బాలక్క భయం. "ఒక్క గాలి పంపు తల్లీ" అని మొక్కుకున్నది.

నాలుగోనాటి మధ్యాహ్నం గాలి వచ్చింది. రావడం రావడమే పడమటి దిక్కంతా నల్లబడి, వడగండ్లు మొదలయ్యాయి. బాలక్క "అయ్యో, నా నోటితో నేనే పిలిచానే!" అంటూ ఉన్న రెండు ఈతచాపలూ రాశి మీద కప్పి, అవి ఎగిరిపోకుండా బోర్లా పడుకున్నది. ఆ రాశి పోతే ఏడాదంతా ఆమెకూ, ఇద్దరు ఆడపిల్లలకూ పస్తులే. నిమ్మకాయలంత రాళ్ళు వీపున పడుతుంటే చాపల అంచులు ఇంకా గట్టిగా పట్టుకున్నది.

అంతలో గొర్రెల కాపరి బీరప్ప, నిన్న మొన్న పుట్టిన గొర్రెపిల్లల్ని గొంగడిలో మూటగట్టుకొని పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, చాపలియ్యి! తలలు పగిలి చస్తున్నాయి!"

"కదిలితే నా గింజ పోతుందిరా!" అని ఆమె కేక పెట్టింది.

గొంగడిలోంచి జారిన ఒక పిల్ల ఆమె కళ్ళముందే కాళ్ళు తన్నుకొని కదలకుండా పోయింది. బాలక్కకు చూడబుద్ధి కాలేదు. లేచి, తన చేత్తోనే చాపలు లాగి, మిగిలిన పిల్లల మీద కప్పి పట్టుకున్నది. జొన్నలు బురదనీటిలో వాగుకేసి పోతున్నా చాపలు వదలలేదు.

వాన వెలిసేసరికి రాశి ఉన్నచోట నేల కోసుకుపోయి ఒక రాతి ప్రతిమ బయటపడింది. ముఖం నిండా వడగండ్లు కొట్టినట్టు దెబ్బలే. ఆనాడు అమ్మ బాలక్క కలలో కనబడి, "ఈ ఊళ్ళో ఒక్క కల్లం తెరిచి ఉన్నా నా నెత్తిన కప్పు వెయ్యకండి" అన్నది. కాపరుల ఇళ్ళవాళ్ళు ఇంటికో చాటెడు జొన్నలు తెచ్చి, ఆ ఏడు బాలక్క పొయ్యి ఆరనివ్వలేదు.

నేటికీ మాఘం దాటగానే భక్తులు అమ్మకు ఈతచాపలు సమర్పిస్తారు. ఇచ్చిన వారి గింజ క్షేమంగా ఇల్లు చేరుతుందని నమ్మకం. వడగండ్లు పడవని మాత్రం మేము మాట ఇవ్వము. పడమట మబ్బు పడితే పూజారి ముందుగా అమ్మ ముందున్న చాపలనే తీసి, గంట కొట్టి, "ఎవరి కల్లం తెరిచి ఉన్నదమ్మా?" అని అరుస్తాడు. చాపలు చంకన పెట్టుకొని పరుగెత్తేవాళ్ళలో సగం మందికి సెంటు భూమి ఉండదు.